ప్రతిక్షేపణ పద్ధతి: తెలియని రాశికి ‘ఆదేశం’

సరిహద్దు గ్రామాలలో ఉన్నత పాఠశాల పిల్లలకు ఇంటివద్ద లెక్క చెప్పబోయే పెద్దలకు మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. తెలుగు పాఠ్యపుస్తకంలోని ‘ప్రతిక్షేపణ పద్ధతి’ కన్నడంలో ‘ఆదేశ విధాన’. తమిళంలో ‘పిరతియిడుం ముఱై’. వీటిలో కన్నడ పేరే తెలుగువారికి విషయాన్ని సులభంగా బోధిస్తుంది. వ్యాకరణంలో ఆదేశమనగా ఒక వర్ణం తొలగి, దాని స్థానంలో మరొక వర్ణం రావడం. ‘వాడు + కొట్టె’ అన్నది ‘వాడు గొట్టె’ అయినప్పుడు కకారం పోయి గకారం వచ్చింది. గణితంలోనూ అంతే: తెలియని రాశిని తీసివేసి, దానికి సమానమైనదానిని అక్కడ నిలుపుతారు.

ఈ ప్రాంతపు పాత లెక్కనే తీసుకోవచ్చు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’ రచించాడు. ఆ రాజు రాజధాని మాన్యఖేటమే నేటి కలబురగి జిల్లాలోని మళఖేడ. ఆ గ్రంథాన్ని తరువాత పావులూరి మల్లన తెలుగు చేశాడు. అందులోని సమస్య ఇది: 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి వెల 107, 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి 101. ఒక్కొక్క పండు వెల ఎంత?

మాదీఫలం వెల ‘మ’, వెలగపండు వెల ‘వ’ అనుకుంటే:

9మ + 7వ = 107
7మ + 9వ = 101

మొదటి సమీకరణం నుండే ‘మ’ విలువ రాయబోతే (107 – 7వ)/9 అని భిన్నం వస్తుంది. తప్పు కాదు గాని, వృథా శ్రమ. రెండు సమీకరణాలను కూడితే 16మ + 16వ = 208; అనగా మ + వ = 13. ఇప్పుడు ‘వ’ ఒంటరిగా ఉంది కనుక వ = 13 – మ అని రాయవచ్చు. మొదటి సమీకరణంలో ‘వ’కు ఇదే ఆదేశం:

9మ + 7(13 – మ) = 107

పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కుండలీకరణం వదిలితే 7 కేవలం 13నే గుణిస్తుంది. లోపలి రెండు పదాలనూ గుణిస్తే 9మ + 91 – 7మ = 107; 2మ = 16; మ = 8, వ = 5.

వ = 13 – మ అన్నదానిని అది పుట్టిన మ + వ = 13 లోనే ఉంచరాదు. అప్పుడు 13 = 13 అని వస్తుంది; సత్యమే, కాని పండు వెల చెప్పదు. వచ్చిన జవాబును రెండవ సమీకరణంలో సరిచూస్తే 56 + 45 = 101.