స్పానిష్ నేర్చుకుందాం... చవగ్గా!

ఆఫీసులో ఇంగ్లిషుతో పని జరిగిపోతుంది. గడప దాటితే మాత్రం అంతా స్పానిషే! ఉద్యోగాల కోసం మాడ్రిడ్, బార్సిలోనా లాంటి చోట్లకు వెళ్తున్న మన కుటుంబాలకు ఎదురయ్యే మొదటి ప్రశ్న... ఈ భాష ఎక్కడ నేర్చుకోవాలి? రెండో ప్రశ్న... ఎంతవుతుంది?

గ్యాసు తనిఖీకి వచ్చామంటూ ఎవరో తలుపు కొడతారు. మెడలో కార్డు వేలాడుతుంటుంది, చేతిలో రసీదు పుస్తకం ఉంటుంది. అతను నిజంగా కంపెనీ మనిషేనా? స్పెయిన్‌లో గ్యాసు తనిఖీల పేరుతో డబ్బు గుంజే మాయగాళ్లున్నారని అక్కడి పోలీసులు తరచూ హెచ్చరిస్తుంటారు. 'నాకు ముందుగా నోటీసు రాలేదే' అని ఒక్క ముక్క అడగగలిగితే చాలు, దొంగైతే మెల్లగా జారుకుంటాడు. ఆ ఒక్క ముక్కా రాకపోతే..?

పిల్లాడికి జ్వరమొస్తే హెల్త్ సెంటరుకు ఫోను చేయాలి. స్కూలు నుంచి చీటీ వస్తే చదువుకోవాలి. ఇంటి యజమానితో అద్దె సంగతి మాట్లాడాలి. ఉద్యోగం చేసేవాళ్లకు చాలాచోట్ల కంపెనీయే క్లాసులు పెట్టిస్తుంది. చిక్కంతా వాళ్ల వెంట వెళ్లి ఇంట్లో ఉండిపోయేవాళ్లకే. పగలంతా ఆ భాషతో తంటాలు పడేది వాళ్లు. ఫీజు కట్టేవారు లేనిదీ వాళ్లకే!

సర్కారు బడి ఉందిగా!

కొత్తగా వెళ్లినవాళ్లకు ముందు కళ్లబడేవి ప్రైవేటు అకాడమీలు. రోజుకు నాలుగు గంటల చొప్పున వారానికి అయిదు రోజులు చెప్పే ఇంటెన్సివ్ కోర్సుకు వారానికి నూట యాభై నుంచి రెండొందల యూరోలు అడగడం మామూలే. యూరో వంద రూపాయల చుట్టూ తిరుగుతున్న ఈ రోజుల్లో నెలకు ఎంతవుతుందో లెక్కేసుకోండి. పైగా రిజిస్ట్రేషనుకూ పుస్తకాలకూ వేరే బిల్లు! అకాడమీలు చెడ్డవని కాదు. నెలలో నాలుగు మాటలు రావాలనుకుంటే వాటికి మించింది లేదు. కానీ ఏడాది పొడవునా వాటినే నమ్ముకుంటే మాత్రం జేబు ఖాళీ అవుతుంది.

చాలామందికి ఆలస్యంగా తెలిసే సంగతేంటంటే... అక్కడ ప్రభుత్వమే భాషా పాఠశాలలు నడుపుతోంది. పేరు కాస్త పొడుగు- 'ఎస్కుయెలా ఒఫిసియాల్ దె ఇదియోమాస్'. అందరూ ముద్దుగా 'ఇఓఇ' అంటారు. మొదటిది మాడ్రిడ్‌లో 1911లోనే మొదలైంది. ఇప్పుడు దేశమంతటా ఉన్నాయి. స్పెయిన్ వాళ్లు ఇంగ్లిషో ఫ్రెంచో నేర్చుకోవడానికి వెళ్లే ఈ బడుల్లో చాలావాటిలో విదేశీయులకు స్పానిష్ కూడా చెబుతారు. ఫీజు ప్రాంతాన్ని బట్టి మారుతుంది కానీ, అకాడమీలో రెండు వారాలకు పోసే డబ్బుతో ఇక్కడ ఇంచుమించు ఏడాది చదువు అయిపోతుంది. మాస్టార్లు ప్రభుత్వ పరీక్షలు నెగ్గి వచ్చినవాళ్లు. సాధారణంగా పదహారేళ్లు నిండితే ఎవరైనా చేరవచ్చు.

మరి తిరకాసు? సీటు! దరఖాస్తులకు గడువు ఉంటుంది, అది దాటితే ఖాళీలు మిగిలితేనే దొరుకుతుంది. గిరాకీ ఎక్కువగా ఉన్నచోట లాటరీ తీయడమూ ఉంది. అప్పటికే కాస్త వచ్చినవాళ్లకు స్థాయి పరీక్ష పెట్టి తగిన తరగతిలో వేస్తారు. వారానికి నాలుగైదు గంటలే ఉంటాయి కాబట్టి మెల్లగా సాగుతుంది. అందుకే కాస్త తెలివైన దారి... మొదటి నెల అకాడమీలో గట్టిగా చదివి అక్షరాలూ అంకెలూ పలకరింపులూ వంటబట్టించుకోవడం, ఆనక ఇఓఇలో చేరిపోవడం.

పైసా లేకుండా...

ఊళ్లో దిగగానే మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్లి ఫలానా చిరునామాలో ఉంటున్నామని పేరు రాయించుకోవాలి. దీన్ని 'ఎంపద్రోనమియెంతో' అంటారు. హెల్త్ కార్డుకూ పిల్లల స్కూలుకూ ఇదే ఆధారం. ఈ కాగితం చేతిలో ఉంటే మరో తలుపు కూడా తెరుచుకుంటుంది. పెద్దల విద్యా కేంద్రాల్లో వలస వచ్చినవాళ్లకు ఉచితంగానో, నామమాత్రపు రుసుముతోనో స్పానిష్ చెబుతారు. మాడ్రిడ్ ప్రాంతీయ ప్రభుత్వం వలసదారుల కోసం 'సెపి' పేరుతో ప్రత్యేకంగా కేంద్రాలు నడుపుతోంది. రెడ్‌క్రాస్, చర్చి అనుబంధ సంస్థ కారితాస్ కూడా చాలా ఊళ్లలో క్లాసులు పెడుతుంటాయి. అక్కడ పక్క కుర్చీలో మొరాకో ఆవిడో ఉక్రెయిన్ ఆవిడో కూర్చుంటుంది. ఇద్దరికీ మధ్య మరో భాష ఉండదు కాబట్టి తప్పోఒప్పో స్పానిష్‌లోనే మాట్లాడుకోవాల్సి వస్తుంది. నా లెక్కలో ఇది ఖరీదైన క్లాసుల్లో కూడా దొరకని సౌకర్యం.

ఇంకోటి 'ఇంతెర్‌కాంబియో'. అంటే ఇచ్చిపుచ్చుకోవడం. స్పెయిన్‌లో ఇంగ్లిషు మాట్లాడాలని తహతహలాడేవాళ్లకు కొదవలేదు. అరగంట మీరు వాళ్లతో ఇంగ్లిషు, అరగంట వాళ్లు మీతో స్పానిష్. ఖర్చు... రెండు కాఫీలు! ఇంట్లో వంట చేస్తూ వినడానికి 'లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్' వారి 90 ఆడియో పాఠాలున్నాయి, పూర్తిగా ఉచితం. ఫోన్ యాప్‌లు పదాలు గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి కానీ వాటితోనే గట్టెక్కుదామంటే కుదరదు. డాక్టరు నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఒకటి నొక్కమనడు కదా!

బార్సిలోనా వెళ్తున్నారా? ఓ మాట. అక్కడ స్కూళ్లలో బోధన ప్రధానంగా కాటలాన్ భాషలో. పిల్లల పుస్తకం తెరిస్తే మీరు నేర్చుకున్న స్పానిష్‌కి చుట్టంలా కనిపిస్తుందే తప్ప అదే కాదు. పెద్దలకు కాటలాన్ ప్రాథమిక తరగతులు అక్కడి ప్రభుత్వ భాషా సంస్థ ఉచితంగానే చెబుతోంది. బజారులో అందరికీ స్పానిష్ వచ్చు కాబట్టి ముందు అది, తర్వాత ఇది.

పరీక్ష ఎవరికి?

సర్టిఫికెట్ కోసం తొందరపడి డబ్బు తగలేసేవాళ్లూ ఉన్నారు. నిజంగా అది ఎప్పుడు కావాలి? స్పెయిన్ పౌరసత్వానికి దరఖాస్తు చేసేటప్పుడు 2015 నుంచీ రెండు పరీక్షలు తప్పనిసరి చేశారు. ఒకటి 'దెలె' భాషా పరీక్ష, కనీసం ఎ2 స్థాయి. రెండోది దేశ రాజ్యాంగం, సమాజం గురించి 25 ప్రశ్నల పరీక్ష, 15 సరిగ్గా రాస్తే పాస్. మామూలుగా మన భారతీయులు ఆ దరఖాస్తు పెట్టాలంటే పదేళ్లు అక్కడ నివసించాలి. లాటిన్ అమెరికా దేశాల వాళ్లకైతే రెండేళ్లే! పైగా ఆ పౌరసత్వం తీసుకుంటే మన పాస్‌పోర్టు వదులుకోవాలి. కాబట్టి రెండు మూడేళ్లకు వెళ్లినవాళ్లకు దెలె ఫీజు అవసరం లేని ఖర్చు. అక్కడే ఉండిపోవాలనుకునేవాళ్లకు కబురేంటంటే... దెలె పత్రానికి కాలపరిమితి లేదు. ఇఓఇలో ఎ2, ఆపై స్థాయి పాసైన పత్రం చూపినా భాషా పరీక్ష నుంచి మినహాయింపు దొరుకుతుంది. చవకైన బడి, పైగా దానికే సర్టిఫికెట్టూ!

మన నాలుకకు సులువే

ఇంగ్లిషు వాళ్లు తలపట్టుకునే చోట తెలుగువాళ్లు హాయిగా నడిచిపోతారు. స్పానిష్‌లో అచ్చులు అయిదే- అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడైనా అలాగే పలుకుతాయి. వాళ్ల 'త', 'ద' మన త, ద లాగే పళ్లకు తగులుతాయి. 'పెరో' అంటే కానీ, 'పెఱ్ఱో' అంటే కుక్క. మన బండి ఱని బయటికి తీస్తే సరి! మనం 'మాట్లాడతాను, మాట్లాడతావు' అన్నట్టే వాళ్లు 'ఆబ్లో, ఆబ్లాస్' అంటారు. నేను, నువ్వు విడిగా చెప్పక్కర్లేదు. 'మె గుస్తా ఎల్ కఫే' అన్న వాక్యం దగ్గర ఇంగ్లిషు వాళ్లు తెల్లమొహం వేస్తారు. మనకేం, 'నాకు కాఫీ నచ్చుతుంది' అన్న అమరికే అది. మీరుకు 'ఉస్తెద్', నువ్వుకు 'తూ'. కాకపోతే స్పెయిన్‌లో కొట్టువాడు కూడా చనువుగా 'తూ' అనేస్తాడు, నొచ్చుకోకండి.

ఇబ్బందల్లా వస్తువులకు ఆడా మగా అంటగట్టడం దగ్గరే. బల్ల ఆడ, పుస్తకం మగ. ఎందుకని అడక్కూడదు. 'ఉండటం' అనే మాటకు రెండు క్రియలున్నాయి, అదో తలనొప్పి. ఇలాంటివి చెప్పడానికే మాస్టారు కావాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకు దారి వేరు. టెక్సస్, కాలిఫోర్నియాల్లో స్పానిష్ వీధి భాషే. చాలా పబ్లిక్ లైబ్రరీల కార్డుంటే 'మ్యాంగో' లాంటి ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగా వస్తాయి. కమ్యూనిటీ కాలేజీల్లో సాయంత్రం క్లాసులుంటాయి. అక్కడినుంచే గ్వాటెమాలాలోని ఆంటిగ్వా ఊరి మాస్టార్ల దగ్గర వీడియోలో ఒక్కరే కూర్చుని నేర్చుకునేవాళ్లూ ఉన్నారు. ఒకరికి ఒకరు చొప్పున చవగ్గా చెప్పడంలో ఆ ఊరికి ఎప్పట్నుంచో పేరుంది.

ఇంకా బయల్దేరలేదా? అయితే ఇక్కడే మొదలుపెట్టొచ్చు. హైదరాబాద్‌లోని ఇఫ్లూ స్పానిష్ చెబుతోంది. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్‌కు ఢిల్లీలో 2009 నుంచీ కేంద్రం ఉంది, ఆన్‌లైన్ కోర్సులూ నడుపుతోంది.

ఏ బడిలో చేరినా మూడు విషయాలు అడగండి. క్లాసులో ఎంతమంది? మధ్యలో మానేస్తే మిగతా ఫీజు వెనక్కిస్తారా? ముందు ఒక క్లాసు ఉచితంగా కూర్చోనిస్తారా? ఇక సీటు కోసం ఆగస్టులో మాత్రం వెళ్లకండి. సగం మాడ్రిడ్ సెలవుల్లో సముద్రం ఒడ్డున ఉంటుంది. ఇఓఇ దరఖాస్తుల తేదీలు వసంతంలోనే చూసుకోండి. తప్పిపోతే మిగిలిన సీట్లకు సెప్టెంబరులో ప్రయత్నించండి.