కవలలు చెప్పిన సాక్ష్యం

తరగతిలో ఎవరైనా మాటిమాటికీ రెప్పలార్పుతూనో, మెడ విదిలిస్తూనో, గొంతుతో చిన్న శబ్దం చేస్తూనో ఉండటం మీరు చూశారా? సత్యవేడులోనైనా, మరే ఊళ్ళోనైనా పెద్దలు "ఏమిటా వెక్కిరింత?" అని కసురుతారు. కాని అది వెక్కిరింత కాకపోవచ్చు. తుమ్ము వచ్చేముందు ముక్కులో కలిగే తొందరలాంటిది లోపల పుడుతుంది. కాసేపు ఆపుకోవచ్చు, పూర్తిగా ఆపడం కష్టం. దీనినే 'టిక్' అంటారు. చాలామందిలో పెద్దయ్యేసరికి తగ్గుతుంది. కదలికలు, శబ్దాలు రెండూ ఉండి ఏడాది దాటితే అది టూరెట్ సిండ్రోమ్. 1885లో టూరెట్ అనే ఫ్రెంచి వైద్యుడు దీనిని వర్ణించాడు.

ఇది వంశపారంపర్యంగా వస్తుందా? ఈ ప్రశ్నకు కవలలు జవాబిచ్చారు. సమరూప కవలల జన్యువులు దాదాపు ఒక్కటే. మిగతా కవలలు మామూలు తోబుట్టువులవంటివారే. 1985లో వెలువడిన ఒక పరిశోధనలో, ఇద్దరికీ టూరెట్ ఉన్న జంటలు సమరూప కవలలలో నూటికి 53. మిగతా కవలలలో 8 మాత్రమే. అంటే జన్యువుల పాత్ర పెద్దదే. మరి 53 ఎందుకు 100 కాలేదు? జన్యువులే సర్వస్వం కాదు కనుక!

ఇంతకీ దోషం ఏ జన్యువులో ఉంది? ఒక కుటుంబంలో తండ్రికీ, ఎనిమిదిమంది పిల్లలకూ టిక్కులున్నాయి. హిస్టమిన్ తయారీకి అవసరమైన జన్యువులో లోపం ఉన్నట్లు 2010లో తేలింది. అయితే ఇలా ఒకే జన్యువు పట్టుబడటం అరుదు. స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధికి సంబంధించి 2022 నాటికి 287 జన్యుస్థానాలు బయటపడ్డాయి. వీటిలో చాలావాటి ప్రభావం ఆవగింజంత. కనుక ఒక్క రక్తపరీక్షతో "నీకు ఈ జబ్బు వస్తుంది" అని చెప్పలేము.

ఆవగింజంత ప్రభావాలను పట్టుకోవాలంటే వేలాదిమంది నమూనాలు కావాలి. ఇంతవరకు వాటిలో ఎక్కువ భాగం ఐరోపా సంతతివారివే. మన దేశంలో బెంగుళూరులోని నిమ్హాన్స్ శాస్త్రజ్ఞులు, ఒకరికంటె ఎక్కువమందికి తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్న కుటుంబాలను పరిశీలిస్తున్నారు. వారి రక్తకణాలను మూలకణాలుగా మార్చి, వాటినుండి నాడీకణాలను పెంచి చూస్తున్నారు.

కాని ఎన్నో ఇళ్ళలో ఈ జబ్బులను దాచుతారు. "గాలి సోకింది" అంటారు. "తెలిస్తే పెళ్ళి సంబంధాలు రావు" అని భయపడతారు. దాచిన జబ్బుకు వైద్యమూ ఆలస్యమవుతుంది, దాని కారణమూ తెలియదు. ఇది పాపఫలం కాదు, పెంపకంలో లోపమూ కాదు. చికిత్స ఉంది.

మీ బెంచీలో ఎవరికైనా టిక్ ఉంటే అనుకరించకండి, ఆపమని వేధించకండి. బడలిక, ఆందోళన ఎక్కువైతే టిక్కులూ ఎక్కువవుతాయి. నిశ్చింతగా కూర్చోనివ్వడం మీ చేతిలో ఉన్న పని.