అన్ని గింజలకు నొక్క కుంచము



కంప్యూటరు చేయవలసిన పనులను వరుసగా వ్రాసి యిచ్చు లిఖితమునకు ప్రోగ్రామని పేరు. అందలి ఒక్కొక్క చిన్న పనికి ఫంక్షనని పేరు. విలువలు జాతులుగా నుండును: 5 పూర్ణసంఖ్య, 2.5 దశాంశసంఖ్య, ఊరి పేరు అక్షరపంక్తి. పలుజాతులకు నొక్కటే ఫంక్షను పనిచేయు విధమును నేఁడు నేను వివరింపఁబూనితిని.

కుంచమును చూడుఁడు. వడ్లు పోసినను, జొన్నలు పోసినను కొలుచును. ఏ గింజ యని యడుగదు. వెల కట్టునపుడు మాత్రము గింజ యేదో తెలియక తప్పదు. ప్రోగ్రాములందును నిట్లే. జాబితాలో పెద్దదానిని వెదకు ఫంక్షనును జాతి కొకటిగా వ్రాసినచో, ఒకదానిని దిద్ది తక్కినవానిని మరచుట సంభవించును. అందుచేత జాతి పేరుండవలసిన చోట ఖాళీ విడిచి యొక్కటే వ్రాయుదురు. ఇది జెనెరిక్ ఫంక్షను.

గూగుల్ సంస్థవారు 2009లో ప్రకటించిన గో భాషకు ఈ సౌకర్యము 2022 మార్చిలో, 1.18వ కూర్పుతో వచ్చినది. ఏయే జాతులకు ప్రవేశము కలదో ఫంక్షను ద్వారముననే వ్రాయవలెను. ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు కంపైలరు ఆ నియమమును ముందుగానే పరీక్షించును. ప్రవేశమున్న జాతులన్నిటికిని చెల్లు పనినే లోపల చేయనిచ్చును. సంఖ్యలే వచ్చునన్నచో కూడవచ్చును. ఏ జాతియైనను రావచ్చునన్నచో కూడుట చెల్లదు.

ఇఁక లోపల జాతినిబట్టి వేర్వేరు పనులు చేయవలసి వచ్చినచో? ఖాళీజాతి విలువను తిన్నగా ప్రశ్నించుటకు గో భాష యొప్పుకొనదు. దానిని ముందు ‘ఎనీ’ యను, అన్నిటిని పట్టు సంచిలో వేసి, పిమ్మట “పూర్ణసంఖ్యయా? దశాంశమా?” యని వరుసగా నడుగవలెను.

అపాయ మిచ్చటనే కలదు. పూర్ణసంఖ్యపై ‘రూపాయి’ యను కొత్త జాతిని నిర్మించితి మనుకొనుఁడు. పూర్ణసంఖ్యపై నిర్మింపఁబడినవన్నియు రావచ్చునని ద్వారమున నున్నచో రూపాయి లోపలికి వచ్చును. కాని “పూర్ణసంఖ్యయా?” యను ప్రశ్నకు “కాదు” అనియే యుత్తరము; రూపాయి వేఱు జాతి గదా! ఏ ప్రశ్నకును చిక్కక, ఏ పనియు జరుగక, అది దాఁటిపోవును. కంపైలరు తప్పు చూపదు. పింఛను పద్దులలో నిట్లు జరిగినచో నొక ముదుసలి సొమ్ము లెక్కకు రాకపోవును.

దీనికి రెండుపాయములు. మొదటిది, ప్రశ్నల చివర “ఏదియు కానిచో తప్పని చాటుము” అని తప్పక వ్రాయుట. రెండవది నాకు మేలని తోఁచుచున్నది: ప్రశ్నించుట మాని, ప్రతి జాతికిని తన పని తాను చేసికొను నేర్పు నిచ్చి, అది గలవానినే లోనికి రానిచ్చుట. భాషతోనే వచ్చిన జాతులకు అట్టి నేర్పు జతపఱుప వీలులేదు గనుక, వానిపై కొత్త జాతిని నిర్మింపవలెను. ఈ శ్రమకు ఫలమేమనఁగా, నేర్పు లేని జాతిని ప్రోగ్రాము నడువకమునుపే కంపైలరు పట్టుకొనును.

కొలుచుట కుంచమునకును, వెల గింజకును విడిచినచో లెక్క చెడదని మనవి చేసి విరమించుచున్నాను.