దిల్‌పసంద్

దిల్‌పసంద్ బేకరీలలో తయారయ్యే ఒక తీపి తినుబండారము. మైదాతో చేసిన రెండు గుండ్రని రొట్టెల నడుమ కొబ్బరికోరు, చక్కెర, టూటీ ఫ్రూటీ ముక్కలు ఉంచి, అంచులు మూసి, ఓవెన్‌లో కాల్చి, త్రిభుజాకారపు ముక్కలుగా కోస్తారు. హైదరాబాదు, బెంగళూరు నగరాలలో ఇది చిరపరిచితము. కొన్నిచోట్ల పైభాగము పొరలుపొరలుగాను, కొన్నిచోట్ల బన్నువలె మెత్తగాను ఉంటుంది. కొబ్బరి, తీపి కలిసిన లోపలి పూర్ణము వలన ఇది కజ్జికాయను గుర్తుకు తెస్తుంది. అయితే కజ్జికాయను నూనెలో వేయిస్తారు, దీనిని కాలుస్తారు.

పేరు

దిల్ అనగా హృదయము, పసంద్ అనగా నచ్చినది. ఇవి రెండూ పారసీక పదాలే. "పసందైన విందు" అనే వాడుకలోని పసందు కూడా ఈ మాటే. ఇటువంటి తినుబండారమునే దిల్‌ఖుష్ అని కూడా వ్యవహరిస్తారు.

లోపలి పండు

ఇందులోని ఎరుపు, ఆకుపచ్చ, పసుపు ముక్కలను చూసి అవి మూడు రకాల పండ్లని పిల్లలు భావిస్తారు. ఇటాలియన్ భాషలో టూటీ ఫ్రూటీ అనగా "అన్ని పండ్లు" అని అర్థము. కాని మన దేశములో ఇది సాధారణముగా ఒకే ఒక్క కాయతో, అదీ పండని బొప్పాయితో తయారవుతుంది. పచ్చి బొప్పాయికి తనదంటూ గాఢమైన రుచి గాని, రంగు గాని లేవు. కనుక ఏ రంగు, ఏ పరిమళము కలిపినా ఇముడ్చుకుంటుంది. పండిన బొప్పాయి పాకములో కరిగిపోతుంది, పచ్చికాయ ముక్క చెదరదు. చిక్కని పాకములో నానినపుడు ముక్కలోని నీరు బయటకు వచ్చి, చక్కెర లోపలికి చేరుతుంది. సూక్ష్మజీవులకు కావలసిన నీరు దొరకదు కనుక ముక్కలు చెడిపోవు. ఉసిరి మురబ్బా నిలువ ఉండుటకు కారణము కూడా ఇదే.

ఇంట చేసుకొనుటలో మేలు

బజారు సరుకులో కృత్రిమ రంగులు, వనస్పతి ఉండవచ్చును. పాక్షికముగా హైడ్రోజనీకరించిన వనస్పతిలో గుండెకు హాని చేసే ట్రాన్స్ కొవ్వులు ఉంటాయి. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నూనెలు, కొవ్వులలో వీటి పరిమితిని 2022 జనవరి నుండి 2 శాతానికి తగ్గించింది. ఇంట చేసుకుంటే వెన్న వాడవచ్చును, రంగులను కూరగాయల నుండే తీసుకోవచ్చును.

టూటీ ఫ్రూటీ తయారీ

చెక్కు, గింజలు తీసిన పచ్చి బొప్పాయి 500 గ్రాములు తీసుకొని, అర సెంటీమీటరు ముక్కలుగా తరిగి, మరిగే నీటిలో 5 నిమిషాలు ఉడికించి వార్చవలెను. 250 గ్రాముల చక్కెర, ఒక కప్పు నీరు కలిపి, అందులో ముక్కలు వేసి తీగపాకము వచ్చువరకు ఉడికించవలెను. చల్లారిన పిదప మూడు భాగాలు చేసి, ఒకదానికి బీట్‌రూట్ రసము, ఒకదానికి చిటికెడు పసుపు, ఒకదానికి పాలకూర రసము కొద్దిగా కలపవలెను. బీట్‌రూట్ రంగు వేడికి వెలిసిపోతుంది కనుక వేడిమీద కలపరాదు. ఒక రోజు నానిన తరువాత వడకట్టి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టవలెను.

దిల్‌పసంద్ తయారీ

పిండికి: మైదా 250 గ్రాములు, గోరువెచ్చని పాలు సుమారు 150 మి.లీ., వెన్న 30 గ్రాములు, చక్కెర 2 పెద్ద చెంచాలు, ఇన్‌స్టంట్ ఈస్టు 1 చిన్న చెంచా, ఉప్పు అర చిన్న చెంచా.

పూర్ణమునకు: పచ్చికొబ్బరి కోరు ఒకటిన్నర కప్పు, చక్కెర 75 గ్రాములు, టూటీ ఫ్రూటీ 75 గ్రాములు, జీడిపప్పు పలుకులు, యాలకుల పొడి కొద్దిగా.

* పిండి పదార్థాలన్నీ కలిపి 10 నిమిషాలు మర్దించి, మూతపెట్టి, రెట్టింపుగా పొంగేవరకు సుమారు గంటసేపు ఉంచవలెను.
* కొబ్బరి, చక్కెర కలిపి సన్నని సెగపై తడి ఆరేవరకు వేయించి, మిగిలినవి కలిపి చల్లార్చవలెను. తడి మిగిలితే అడుగు రొట్టె ముద్దగా అవుతుంది.
* పిండిని రెండు భాగాలు చేసి, 20 సెంటీమీటర్ల వెడల్పున వత్తవలెను. ఒకదానిపై పూర్ణము పరచి, రెండవది కప్పి, అంచులు తడిచేసి గట్టిగా నొక్కవలెను.
* ఆవిరి పోవుటకు పైన ఫోర్కుతో గాట్లు పెట్టి, 20 నిమిషాలు ఆగి, పాలు పూసి, ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్ వద్ద 20 నుండి 25 నిమిషాలు కాల్చవలెను.

కరిగిన చక్కెర నోరు కాలుస్తుంది కనుక పూర్తిగా చల్లారిన తరువాతనే 8 ముక్కలుగా కోసి పిల్లలకు ఇవ్వవలెను. పచ్చికొబ్బరి ఉన్నందున ఆనాడే తినుట మంచిది. ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలువ ఉంటుంది.