వాన పేరే డబ్బు పేరైన దేశం: బోట్స్వానా

ఈ నెల దేశాల పరిచయంలో బోట్స్వానా గురించి చెప్పుకుందాం. పిల్లల అట్లాసు తెరిచి దక్షిణాఫ్రికాకు సరిగ్గా పైన చూడండి. ఏ వైపూ సముద్రం తగలని దేశం అది. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా విస్తీర్ణంలో దానికి సగం ఉండవు. జనం మాత్రం సుమారు 24 లక్షలు, హైదరాబాద్ జనాభాలో సగం కూడా కాదు. నేలలో ఎక్కువ భాగం కలహారి ఎడారి. అక్కడి సెట్స్వానా భాషలో 'పులా' అంటే వాన. మనం సభల్లో 'జై' కొట్టినట్టు వాళ్లు 'పులా' అంటారు. 1976లో సొంత కరెన్సీ తెచ్చుకున్నప్పుడు దానికీ ఆ పేరే పెట్టుకున్నారు.

1966 సెప్టెంబర్ 30న బ్రిటిష్ వారి నుంచి స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తానికి 12 కిలోమీటర్ల తారు రోడ్డు ఉండేదని చెబుతారు. డిగ్రీ చదివినవాళ్లు 22 మంది, హైస్కూలు పూర్తి చేసినవాళ్లు వంద మంది. అంతకుముందు పాలనా కేంద్రం కూడా దేశం బయటే, దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్‌లో ఉండేది. రాజధాని గాబొరోనేను దాదాపు కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది.

మరుసటి ఏడాదే ఒరాపా దగ్గర వజ్రాలు దొరికాయి. వజ్రాలు దొరికిన దేశాలన్నీ బాగుపడలేదు. కొన్నిచోట్ల అవే అంతర్యుద్ధాలకు ఖర్చు పెట్టాయి. ఇక్కడ జరిగింది వేరు. ఒరాపా ప్రాంతం తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా సొంత తెగ నేల. అయినా ఖనిజాల మీద హక్కు తెగలది కాదు, దేశానిదని 1967లోనే చట్టం చేశారు. డీబీర్స్ కంపెనీతో కలిసి పెట్టిన గనుల్లో ప్రభుత్వ వాటా మొదట 15 శాతమే. కొన్నేళ్లు బేరమాడి దాన్ని సగానికి పెంచుకున్నారు. ఆ ఆదాయంతోనే రోడ్లు, బడులు, ఆసుపత్రులు వచ్చాయి.

యూనివర్సిటీ కథ మాత్రం తల్లిదండ్రులుగా మీరు తప్పక తెలుసుకోవాలి. లెసోతో, స్వాజీలాండ్‌లతో కలిసి నడిపే ఉమ్మడి యూనివర్సిటీ నుంచి 1975లో లెసోతో తప్పుకుంది. బోట్స్వానా తన గడ్డ మీద సొంత క్యాంపస్ కట్టుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వం ప్రజలనే చందా అడిగింది. 'ఒక్కో మనిషి, ఒక్కో పశువు' అన్నది నినాదం. అక్కడ పశువంటే మన ఇళ్లలో బంగారం లాంటిది, కుటుంబం దాచుకున్న ఆస్తి. పశువులు ఇవ్వగలిగినవాళ్లు పశువులు, లేనివాళ్లు ధాన్యం, డబ్బు ఇచ్చారు. ఈరోజు గాబొరోనే క్యాంపస్‌లో ఆవును తోలుకొస్తున్న మనిషి విగ్రహం ఉంది.

పాలన దాదాపు మన పద్ధతే. ఐదేళ్లకోసారి ఎన్నికలు జరుగుతాయి, గెలిచిన ఎంపీలు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఊళ్లలో 'ఖోట్లా' అనే సభ ఉంటుంది. మన రచ్చబండ లాంటిదే. ఊరి పెద్ద అందరి మాటా విన్నాకే తన మాట చెబుతాడు. 58 ఏళ్లు ఒకే పార్టీ పాలించింది. 2024 అక్టోబర్ ఎన్నికల్లో ఆ పార్టీకి 61 స్థానాల్లో నాలుగే మిగిలాయి. అధ్యక్షుడు మసీసీ ఓటమి ఒప్పుకుని తప్పుకున్నారు. డూమా బోకో పగ్గాలు చేపట్టారు. గొడవల్లేవు.

ఎయిడ్స్ మాత్రం ఈ దేశాన్ని కుదిపేసింది. 2000 ప్రాంతంలో పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి పైగా హెచ్‌ఐవీ ఉండేది. 2002 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఎంత బాగా ఆపగలిగారంటే, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది.

ఇప్పటి చిక్కు ఆ వజ్రాల దగ్గరే వచ్చింది. ఎగుమతి ఆదాయంలో చాలా భాగం ఒక్క వజ్రాలదే. ల్యాబ్‌లో తయారయ్యే చవక వజ్రాలు వచ్చాక గని వజ్రాలకు గిరాకీ తగ్గింది, ఖజానా చిక్కింది. 2025 ఆగస్టులో ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులకే కొరత వచ్చి, అధ్యక్షుడు అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. పర్యాటకం, సౌర విద్యుత్తు, వజ్రాలను సొంతగడ్డ మీదే సానబట్టడం వంటి దారులు వెతుకుతున్నారు కానీ, యాభై ఏళ్ల అలవాటు ఒక్క ప్రభుత్వంతో మారేది కాదు.

పిల్లలకు నచ్చే సంగతి ఒకటి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 21 ఏళ్ల లెట్సిలే టెబోగో 200 మీటర్ల పరుగులో గెలిచి దేశానికి తొలి స్వర్ణం తెచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం నుంచి దేశమంతటికీ సెలవు! మ్యాపులో ఒకవాంగో నదిని కూడా వెతకమనండి. అంగోలా కొండల్లో పుట్టిన ఆ నది సముద్రం దాకా వెళ్లదు. మరి ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయో వాళ్లనే చెప్పనివ్వండి.