24 అడుగులా, 30 అడుగులా?

డిట్రాయిట్ చలి భరించినవాళ్లకి లేక్ సెయింట్ క్లేర్ మీద మంచు కరిగిందంటే కాలు ఇంట్లో నిలవదు. నాలుగు వేసవులు ఒడ్డున పులిహోర డబ్బాలు విప్పుకుని ఎదుటివాళ్ల పడవలు చూస్తూ గడిపాం. కిందటేడు మేమూ ఒకటి కొందామని బయలుదేరాం. ఎన్నో చూశాక రెండు మిగిలాయి. రెండూ పాతవే. ఒకటి 24 అడుగుల క్యాబిన్ క్రూయిజర్, రెండోది 30 అడుగులది.

పిల్లల ఓటు పెద్దదానికే. అందులో ఏసీ ఉంది, ఫ్రిజ్ ఉంది, నిలబడి స్నానం చేసే గది ఉంది. మా ఆవిడకి వంటగట్టు నచ్చింది. పైగా ఈ సరస్సు సగటు లోతు 11 అడుగులే. గాలి లేచిందంటే అలలు పొట్టిగా, దగ్గరదగ్గరగా వచ్చి పడవను కుదిపేస్తాయి. 30 అడుగులది వాటిని తొక్కుకుంటూ పోతుంది. చిన్నదానిలో కడుపులో తిప్పుతుంది. ఈ మాట ఒప్పుకోవలసిందే.

ఖర్చు సంగతి వేరు. మిషిగన్ రోడ్ల మీద ప్రత్యేక అనుమతి లేకుండా లాక్కెళ్లగల వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. 24 అడుగులది ఆ కొలతలో ఉంది కనక ట్రెయిలర్ మీద ఇంటికి తెచ్చుకోవచ్చు. పెద్దది పది దాటింది. వేసవిలో మెరీనా అద్దె, చలికాలం షెడ్డు అద్దె తప్పవు.

అయితే మమ్మల్ని ఆపింది డబ్బు కాదు. "ఎంతమంది ఎక్కవచ్చు?" అని అడిగితే అమ్మేవాడు, "పెద్దదానికేమండీ, మీ ఇష్టం" అని నవ్వాడు. తీరా చూస్తే చట్టమూ అంతే. ఇంతమంది, ఇంత బరువు అని రాసిన పలక ఉండాలన్న ఫెడరల్ నియమం 20 అడుగుల లోపు మోటారు పడవలకే. ఆపైన యజమాని వివేకం. మనవాళ్ల సంగతి పాఠకులకు తెలియనిది కాదు. "ఇంకో ఇద్దరే కదా డాక్టరుగారూ, పిల్లలు ఒళ్లో కూర్చుంటారు" అంటే కాదనగలమా?

2012 జులై 4 రాత్రి న్యూయార్కు దగ్గర ఆయిస్టర్ బేలో బాణసంచా చూసి వస్తున్న 34 అడుగుల పడవ బోల్తాపడింది. అందులో 27 మంది ఉన్నారు. క్యాబిన్‌లో ఉన్న ముగ్గురు పిల్లలు బయటికి రాలేకపోయారు. మేము ముచ్చటపడ్డ ఆ మెత్తటి పడకలు కూడా క్యాబిన్‌లోనే ఉన్నాయి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల బోటు మునిగినప్పటినుంచి మా అమ్మ పడవ మాట ఎత్తనివ్వదు. రాజమండ్రినుంచి ఫోనులో ఒకటే అడిగింది: "ఎంత పెద్దదిరా?" అని కాదు, "ఎంతమంది ఎక్కుతార్రా?" అని.

వైద్యవృత్తిలో ఉన్నాం కనక మరొక భయం కూడా. పెద్దదానిలో ఏసీకి జనరేటరు కావాలి. లంగరు వేసినా అది తిరుగుతూనే ఉంటుంది. దాని పొగ వెలువడేచోటే పిల్లలు ఈదుతారు. కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా లేవు. హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వస్తే అలల వల్లనే అనుకుంటాం. 2000లో లేక్ పవెల్‌లో హౌస్‌బోటు వెనక ఈదుతున్న అన్నదమ్ములిద్దరు ఇలాగే పోయారు. చిన్నదానికీ పొగ ఉంది. కాని ఇంజను ఆపితే పొగా ఆగుతుంది.

24 అడుగులదే కొన్నాం. "ఆరుగురు మాత్రమే" అని తెలుగులో మేమే ఒక పలక రాసి స్టీరింగు పక్కన అతికించాం. మొదటి ఆదివారమే పదకొండుమంది వచ్చారు. రెండు ట్రిప్పులు వేశాం. మిగిలినవాళ్లు ఒడ్డున పేకాట వేశారు. ఒక మిత్రుడికి కోపం వచ్చి రెండు నెలలు ఫోను చేయలేదు. ఆగస్టులో చేసి, "మొదటి ట్రిప్పులో మాకు రెండు చోట్లు ఉంచండి" అన్నాడు.