తుపాకీ లెక్క తప్పరాదు: ప్రైవేటు ఆయుధాల రిజిస్టరు ఆవశ్యకతపై ఒక పరిశీలన

(ప్రత్యేక వ్యాసం)

ఎన్నికల ప్రకటన వెలువడిన వెంటనే ప్రతి జిల్లాలోనూ పోలీసు, రెవెన్యూ యంత్రాంగాలు చేపట్టే తొలి పనులలో లైసెన్సు ఆయుధాల సమీక్ష ఒకటి. బెయిలుపై ఉన్నవారు, నేర చరిత్ర కలవారు, గతంలో అల్లర్లతో ప్రమేయం ఉన్నవారు తమ ఆయుధాలను పోలీసు స్టేషనులో డిపాజిట్ చేయవలసినదిగా స్క్రీనింగ్ కమిటీలు నిర్ణయిస్తాయి. ఫలితాలు వెలువడిన పిదప వాటిని తిరిగి అప్పగిస్తారు. బ్యాంకుల భద్రతా సిబ్బంది వంటి వారికి మినహాయింపు ఉంటుంది. పత్రికలలో రెండు మూడు పంక్తుల వార్తగా వెలువడే ఈ ప్రక్రియ వెనుక ఒక ముఖ్యమైన షరతు ఉన్నది. ఏ తుపాకీ ఎవరి వద్ద ఉన్నదో అధికారులకు ముందే తెలిసి ఉండాలి. జాబితా లేనిదే సమీక్ష లేదు.

పౌరుల వద్ద గల తుపాకుల వివరాలను ప్రభుత్వం రిజిస్టరులో నమోదు చేయవలసిన అవసరం ఉన్నదా అన్న ప్రశ్న పలు దేశాలలో దశాబ్దాలుగా చర్చనీయాంశంగా ఉన్నది. మన దేశంలో చట్టం ఈ ప్రశ్నకు ఎప్పుడో సమాధానం చెప్పింది. ఇక మిగిలినది ఆ రిజిస్టరు ఎంతవరకు యథార్థంగా ఉన్నదన్న ప్రశ్న. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ అంశాన్ని వివరిస్తుంది.

చట్టం ఏమి చెబుతున్నది?

వైస్రాయి లిట్టన్ కాలంలో 1878లో చేసిన ఆయుధాల చట్టం స్థానంలో స్వతంత్ర భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం వచ్చింది. ఇది 1962 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్నది. ఈ చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీని గాని, తూటాలను గాని కలిగి ఉండరాదు. జిల్లాలలో జిల్లా మేజిస్ట్రేట్, హైదరాబాద్ వంటి కమిషనరేట్లలో పోలీసు కమిషనర్ లైసెన్సింగ్ అధికారిగా వ్యవహరిస్తారు. నిషేధిత బోరు ఆయుధాల విషయంలో అధికారం కేంద్ర హోం మంత్రిత్వ శాఖకు ఉంటుంది.

మన లైసెన్సు కేవలం వ్యక్తికి ఇచ్చే అనుమతి పత్రం కాదు. దానిలో తుపాకీ రకం, దాని సంఖ్య మొదలైన వివరాలు కూడా నమోదవుతాయి. తుపాకీపై ముద్రించిన గుర్తింపు సంఖ్యను చెరిపివేయడం 8వ సెక్షన్ ప్రకారం నేరం. ఆయుధ డీలర్లు తాము కొన్న, అమ్మిన ఆయుధాలకు, తూటాలకు లెక్కలు నిర్వహించవలసి ఉంటుంది. పొలాన్ని అడవి పందుల నుంచి కాపాడుకొనేందుకు రైతు కోరే, గొట్టం నోటి నుంచి మందు దట్టించే తుపాకీకి సైతం 13వ సెక్షన్‌లో ప్రత్యేక ప్రస్తావన ఉన్నది. అంటే మన్యంలోని రైతు తుపాకీ అయినా, నగరంలోని వ్యాపారి రివాల్వరు అయినా చట్టం దృష్టిలో లెక్కలోకి రావలసినదే.

చట్టాన్ని 1983లో సవరించి ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకులను మూడుకు పరిమితం చేశారు. 2019 సవరణ ఆ పరిమితిని రెండుకు తగ్గించింది. మూడవ తుపాకీని ఏడాదిలోగా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు పొందిన డీలరు వద్ద గాని డిపాజిట్ చేయాలని నిర్దేశించింది. అదే సవరణ లైసెన్సు కాలపరిమితిని మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. పెండ్లి ఊరేగింపులలో, ఉత్సవాలలో నిర్లక్ష్యంగా గాలిలోకి కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని పేర్కొన్నది. మూడవ తుపాకీ ఎవరి వద్ద ఉన్నదో తెలియనిదే ఈ పరిమితిని అమలు చేయడం సాధ్యం కాదన్న విషయం గమనార్హం.

దస్త్రం నుంచి డేటాబేస్‌కు

చాలాకాలం పాటు ఈ వివరాలన్నీ కలెక్టరేట్లలోని, కమిషనర్ కార్యాలయాలలోని దస్త్రాలలోనే ఉండేవి. ఒక జిల్లాలో లైసెన్సు రద్దయిన వ్యక్తి మరొక రాష్ట్రంలో దరఖాస్తు చేసుకుంటే అక్కడి అధికారికి ఆ సంగతి తెలిసే మార్గం అంతగా ఉండేది కాదు. ఈ లోపాన్ని సరిదిద్దేందుకు 2012లో నియమావళిని సవరించి జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌కు రూపకల్పన చేశారు. ప్రతి లైసెన్సుదారునికి ఒక విశిష్ట గుర్తింపు సంఖ్యను కేటాయించే పద్ధతి ప్రారంభమైనది. 2016 జూలైలో జారీ అయిన ఆయుధ నియమావళి ఈ ఏర్పాటును మరింత పటిష్ఠం చేసింది. గుర్తింపు సంఖ్య లేని లైసెన్సు చెల్లుబాటు కాదని స్పష్టం చేసింది. పాత లైసెన్సుల నమోదులో జరిగిన జాప్యం కారణంగా ఈ గడువును పలుమార్లు పొడిగించవలసి వచ్చింది.

కేంద్ర హోం శాఖ గణాంకాల ప్రకారం 2016 డిసెంబరు 31 నాటికి దేశంలో 33.69 లక్షల లైసెన్సులు చెల్లుబాటులో ఉన్నాయి. వీటిలో 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నాయి. 3.69 లక్షలతో అప్పటి జమ్మూ కాశ్మీర్ రాష్ట్రం రెండవ స్థానంలో ఉన్నది. మరోవైపు జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2017 సంవత్సరానికి రూపొందించిన అంచనా ప్రకారం భారతదేశంలో పౌరుల వద్ద సుమారు 7.1 కోట్ల తుపాకులు ఉండగా, వాటిలో నమోదైనవి 97 లక్షలు మాత్రమే. ఈ రెండు లెక్కల పద్ధతులు వేరు. ఒకటి లైసెన్సుల లెక్క, మరొకటి తుపాకుల అంచనా. అయినప్పటికీ నమోదైన వాటికంటే నమోదు కాని ఆయుధాలే అనేక రెట్లు అధికమన్న విషయం మాత్రం స్పష్టం.

అభ్యంతరాలు, వాటిలోని సబబు

రిజిస్టరును వ్యతిరేకించేవారి మొదటి వాదన ఇక్కడే మొదలవుతుంది. నేరస్థుడు తన తుపాకీని నమోదు చేయించుకోడు. చట్టానికి కట్టుబడిన పౌరుడే పేరు రాయించుకుంటాడు. అటువంటప్పుడు రిజిస్టరు వల్ల ప్రయోజనమేమిటని వారు ప్రశ్నిస్తారు. ఈ వాదనలో కొంత వాస్తవం ఉన్నది. దేశంలో తుపాకీతో జరిగే హత్యలలో అత్యధికం లైసెన్సు లేని ఆయుధాలతోనే జరుగుతున్నట్లు జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు వెల్లడిస్తూ వచ్చాయి. నాటు తుపాకీని రిజిస్టరు నేరుగా పట్టుకోలేదు.

అయితే రిజిస్టరు చేసే పని వేరు. లైసెన్సు ఉన్న తుపాకీ లైసెన్సు లేని చేతికి చేరకుండా చూడటం దాని బాధ్యత. దొంగతనానికి గురైన ఆయుధం మరొక రాష్ట్రంలో పట్టుబడినప్పుడు దాని యజమానిని గుర్తించడం, డీలరు వద్ద మాయమైన తూటాలకు జవాబు అడగడం, భార్యపై హింసకు పాల్పడినట్లు ఫిర్యాదు వచ్చిన వ్యక్తి ఇంట్లో తుపాకీ ఉన్నదో లేదో పోలీసు బృందం గడప తొక్కకముందే తెలుసుకోవడం దీనివల్ల సాధ్యమవుతాయి. నమోదు లేనిచోట ఈ మూడు పనులూ ఊహ మీదనే నడుస్తాయి.

రెండవ అభ్యంతరం చరిత్రకు సంబంధించినది. 1878 చట్టం భారతీయులను నిరాయుధులను చేయడానికి వచ్చినదన్న సంగతి విదితమే. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై అల్లూరి సీతారామరాజు జరిపిన దాడుల లక్ష్యం తుపాకులే. ఆయుధం ఎవరి చేతిలో ఉండాలో పరాయి పాలకులు నిర్ణయించిన కాలం అది. అందుకే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కుకు చోటు దక్కింది. రాజ్యాంగ పరిషత్తులో ఈ హక్కును చేర్చాలన్న సవరణ 1948 డిసెంబరులో చర్చకు వచ్చినప్పటికీ ఆమోదం పొందలేదు. ప్రభుత్వ జాబితా పట్ల పౌరుని అనుమానం నిరాధారమైనది కాదని ఈ చరిత్ర తెలుపుతున్నది. ఆ అనుమానాన్ని తొలగించవలసిన బాధ్యత జాబితాను నిర్వహించేవారిదే.

మూడవది గోప్యత. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 2012 డిసెంబరులో ఒక స్థానిక పత్రిక చేతి తుపాకీ పర్మిట్లు కలిగిన వారి పేర్లు, చిరునామాలతో పటాన్ని ప్రచురించింది. ఏ ఇంట్లో ఆయుధం ఉన్నదో, ఏ ఇంట్లో లేదో దొంగకు తెలిపినట్లయిందని తీవ్ర విమర్శలు వచ్చాయి. మరుసటి నెలలోనే ఆ రాష్ట్రం తమ వివరాలు వెల్లడి కాకుండా కోరుకొనే వీలును పర్మిట్‌దారులకు చట్టబద్ధంగా కల్పించింది. పాత్రికేయ మిత్రులకు ఇందులో గ్రహించవలసిన విషయం ఉన్నది. లైసెన్సుల సంఖ్య, తిరస్కరణలు, రద్దులు, జాప్యం ప్రజలకు తెలియవలసినవి. ఫలానా వీధిలోని ఫలానా ఇంటి వివరం అటువంటిది కాదు.

ఇతర దేశాల అనుభవం

కెనడా 1995లో చట్టం చేసి రైఫిళ్లు, షాట్‌గన్‌లతో సహా అన్ని తుపాకుల నమోదును తప్పనిసరి చేసింది. ఫీజుల రాబడి పోను 20 లక్షల డాలర్ల వ్యయం మాత్రమే అవుతుందని తొలుత భావించారు. మొత్తం కార్యక్రమ వ్యయం వంద కోట్ల డాలర్లు దాటగలదని 2002లో ఆ దేశ ఆడిటర్ జనరల్ నివేదిక హెచ్చరించింది. చివరకు 2012లో రైఫిళ్లు, షాట్‌గన్‌ల రిజిస్టరును రద్దు చేశారు. అయితే చేతి తుపాకుల నమోదు కొనసాగింది. క్యూబెక్ రాష్ట్రం సుప్రీంకోర్టు వరకు వెళ్లి ఓడినప్పటికీ పట్టు విడువక, 2018లో సొంత రిజిస్టరును ఏర్పాటు చేసుకున్నది.

న్యూజీలాండ్ ఇందుకు విరుద్ధమైన మార్గంలో నడిచింది. 1983లో ఒక్కొక్క రైఫిల్‌ను నమోదు చేసే పద్ధతిని విడనాడి, యజమానికి లైసెన్సు ఇస్తే చాలునని భావించింది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదులలో 51 మంది బలి అయిన పిదప, ఎవరి వద్ద ఎన్ని తుపాకులు ఉన్నాయో ప్రభుత్వానికే తెలియని స్థితి బయటపడింది. 2023 జూన్‌లో తిరిగి రిజిస్టరును ప్రారంభించి, నమోదుకు యజమానులకు అయిదేళ్ల వ్యవధి ఇచ్చింది. 1996లో పోర్ట్ ఆర్థర్ కాల్పులలో 35 మందిని కోల్పోయిన ఆస్ట్రేలియాలో రాష్ట్రాలు వేర్వేరు రిజిస్టర్లు నిర్వహిస్తూ వచ్చాయి. వాటిని అనుసంధానించే జాతీయ రిజిస్టరుకు 2023 డిసెంబరులో గాని అంగీకారం కుదరలేదు. ఒకసారి వదిలిపెట్టిన లెక్కను తిరిగి రాయడం ఎంత కష్టమో న్యూజీలాండ్, తొలి అంచనా తప్పితే ప్రజల విశ్వాసం ఎలా సడలుతుందో కెనడా తెలియజేస్తున్నాయి.

రిజిస్టరే అబద్ధమైతే?

మనకు మరింత సన్నిహితమైన పాఠం జమ్మూ కాశ్మీర్ నుంచి వచ్చింది. 2011 జనాభా లెక్కలతో పోల్చి చూస్తే ఉత్తరప్రదేశ్‌లో సుమారు 156 మందికి ఒక లైసెన్సు ఉండగా, జమ్మూ కాశ్మీర్‌లో సుమారు 34 మందికి ఒకటి ఉన్నది. ఉగ్రవాద పరిస్థితులు కొంత కారణం కావచ్చు. అయితే 2017లో రాజస్థాన్ పోలీసులు నకిలీ పత్రాలతో పొందిన లైసెన్సుల గుట్టు విప్పడంతో వేరొక కోణం వెలుగులోకి వచ్చింది. 2018లో కేసును చేపట్టిన సీబీఐ, 2012 నుంచి 2016 వరకు 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అనర్హులకు జారీ అయినట్లు ఆరోపించింది. డేటాబేస్ రూపుదిద్దుకుంటున్న సంవత్సరాలలోనే ఇది జరిగినట్లు చెబుతుండటం ఆలోచించవలసిన విషయం. తప్పుడు దరఖాస్తును కంప్యూటరులో ఎక్కించినంత మాత్రాన అది నిజం కాదు. పైగా దానికి అధికార ముద్ర లభిస్తుంది. అందువలన రిజిస్టరు విలువ దానిలోని సంఖ్యలో లేదు; ప్రతి పేరు వెనుక జరిగిన విచారణలో ఉన్నది.

దృష్టి సారించవలసిన అంశాలు

మొదటిది, లైసెన్సుదారుడు మరణించిన సందర్భం. తండ్రి గతించిన తరువాత బీరువాలో ఉండిపోయిన తుపాకీ చట్టం దృష్టిలో ఎవరిదీ కాదు. వాస్తవంలో అది ఇంట్లో ఎవరి చేతికైనా అందుతుంది. లైసెన్సు లేకుండా మిగిలిన ఆయుధాన్ని జాప్యం లేకుండా డిపాజిట్ చేయాలని 21వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. 2016 నియమావళి చట్టబద్ధ వారసుడు లైసెన్సు కోరే వీలు కల్పించింది. లైసెన్సుదారుడు 70 ఏళ్లు నిండిన పిదప గాని, తుపాకీని 25 ఏళ్లు కలిగి ఉన్న పిదప గాని జీవించి ఉండగానే వారసునికి బదలాయించవచ్చును. మరణ నమోదు వివరాలు లైసెన్సింగ్ అధికారికి వెంటనే చేరే ఏర్పాటు ఉన్నచోట ఇటువంటి ఆయుధాలు లెక్క తప్పవు.

రెండవది, భౌతిక తనిఖీ. రెన్యువల్ కాలం అయిదేళ్లకు పెరిగినందున ఈ మధ్యకాలంలో తుపాకీ యజమాని వద్దనే ఉన్నదా అన్న తనిఖీకి ప్రాధాన్యం పెరిగింది. మూడవది, డిపాజిట్ చేసిన ఆయుధానికి రసీదు, గడువు ముగిసిన వెంటనే అప్పగింత. లైసెన్సుదారులందరినీ మూకుమ్మడిగా డిపాజిట్ చేయుమని ఒత్తిడి చేయరాదని, ఒక్కొక్క కేసును పరిశీలించి నిర్ణయించాలని అలహాబాద్ హైకోర్టు 2024లో స్పష్టం చేసింది. వివరాలు సక్రమంగా ఉన్న రిజిస్టరు ఉంటేనే ఈ విధమైన పరిశీలన సాధ్యం. లేనిపక్షంలో అందరినీ అనుమానించడం తప్ప అధికారికి గత్యంతరం ఉండదు. ఈ కోణంలో చూసినప్పుడు సక్రమమైన జాబితా పౌరునికి కూడా రక్షణే.

ప్రైవేటు తుపాకులకు ప్రభుత్వం లెక్క ఉంచవలసినదే. అయితే ఆ లెక్క విచారణతో మొదలై, మరణంతో, బదిలీతో, చోరీతో ఎప్పటికప్పుడు మారుతూ, అనుమతి లేని కంటికి అందకుండా ఉండాలి. రేపు ఏదేని పోలీసు స్టేషనుకు ఒక తుపాకీ చేరినప్పుడు, దానిపై గల సంఖ్యను బట్టి అది ఎవరిదో నిమిషాలలో చెప్పగలిగితే రిజిస్టరు తన బాధ్యతను నెరవేర్చినట్లు. చెప్పలేనిచోట లోపం ఎక్కడ ఉన్నదో సంబంధిత కార్యాలయాలు వెదకవలసి ఉన్నది.